యంత్రంతోనూ మొహమాటమే!

2010లో కరీంనగర్‌లో ‘రోబో’ చూశాను. అప్పటికి కాలేజీ కుర్రాణ్ణి. చివర్లో కోర్టు తీర్పు ప్రకారం చిట్టి తన కాళ్లూ చేతులూ తానే ఊడదీసుకుంటుంటే, అప్పటిదాకా ఈలలతో దద్దరిల్లిన హాలు ఒక్కసారిగా చప్పబడిపోయింది. నా పక్క సీటు కుర్రాడు ముక్కు ఎగబీల్చాడు. “ఏడుస్తున్నవారా?” అన్నాడు స్నేహితుడు. “కంట్ల దుమ్ము పడ్డది” అన్నాడు వీడు. ఏసీ హాల్లో దుమ్మేమిటి బాబూ!

ఇనప మనిషికి మనం కన్నీళ్లెందుకు పెట్టుకుంటాం? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు క్లిఫర్డ్ నాస్, బైరన్ రీవ్స్ ఈ సంగతి మీదే పరిశోధనలు చేసి 1996లో పుస్తకం వేశారు. కంప్యూటర్ చేత మనుషులకి పాఠం చెప్పించి, “ఎలా చెప్పింది?” అని ఆ కంప్యూటర్ మీదే అడిగితే “బాగా చెప్పింది” అన్నారట. పక్క కంప్యూటర్ మీద అడిగితే మార్కులు తగ్గించారట. “మర్యాద కోసం అలా అన్నారా?” అంటే, “ఛఛ, యంత్రానికి మర్యాదేమిటి!” అన్నారట. వాళ్లు దానికి ఏం పేరు పెట్టారో గానీ, మన భాషలో మాట ఎప్పట్నుంచో ఉంది – మొహమాటం!

ఈ మొహమాటం కథేమిటో చూద్దామని కిందటి దీపావళి వెళ్లాక కరీంనగర్‌లో బస్సెక్కి ఉత్తరంగా బయల్దేరాను.

మొదటి మజిలీ జగిత్యాల దగ్గర ఓ పల్లె. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారా అనిపించే ప్రాంతం అది. నేను వెళ్లిన ఇంట్లో పెద్దామె భర్త ఎనభయ్యవ దశకంలోనే దుబాయి పోయాడు. రాయడం రాని వాళ్లు అప్పట్లో క్యాసెట్లో మాటలు నింపి, సెలవు మీద ఊరొచ్చేవాడి చేతికిచ్చి పంపేవారు.

“టేపుల ‘తిన్నవా’ అని అడిగితె నేను ‘తిన్న’ అంటుంటి. మా అత్త నవ్వుతుండె” అంది ముసలామె, తనూ నవ్వుతూ. ఇప్పుడు కొడుకూ అల్లుడూ అక్కడే. ఫోన్ తెర మీద అల్లుడి మొహం కనబడగానే ఆమె చెయ్యి దానంతటదే కొంగును నెత్తిమీదికి లాగింది. వేల కిలోమీటర్ల అవతలి అల్లుడు, అరచేతిలో పట్టేంత మొహం. అయినా అల్లుడు అల్లుడే!

నవ్వుకోడానికి బాగానే ఉంది. కానీ ఆ పక్కింటివాళ్లు నవ్వే స్థితిలో లేరు. ఓ రాత్రి వాళ్లకి కొడుకు గొంతుతో ఫోనొచ్చింది. “అమ్మా, పోలీసులు పట్టుకున్నరు, పైసలు పంపు” అని ఏడుపు. తల్లి పుస్తెలతాడు తీసి కుదువ పెట్టబోయింది. తమ్ముడు అనుమానపడి అన్న పాత నెంబరుకి చేస్తే, అతగాడు డ్యూటీ దిగి నిద్రపోతున్నాడు! గొంతు అచ్చం అదేనంటుంది తల్లి. నాలుగు మాటల నమూనా దొరికితే చాలు, మనిషి గొంతును యంత్రం దించేస్తున్న రోజులివి. “కన్నతల్లిని, నేనే గుర్తు పట్టలేకపోతిని” అని ఆమె అన్నప్పుడు పోయిన డబ్బేమీ లేదు గానీ, పోయిందేదో ఉందనిపించింది.

ఇప్పుడా ఇంట్లో ఓ ఏర్పాటు చేసుకున్నారు. ఎవరు పైసలడిగినా ముందు “మన బర్రె పేరేంది?” అని అడగాలి. బర్రె పేరు నాకూ చెప్పలేదు. మంచిదే.

అన్నట్టు, ఈ గొంతుల గొడవ మన సినిమాల్లోకీ వచ్చింది. 2023లో ‘కీడా కోలా’లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును కృత్రిమ మేధతో పుట్టించి వాడారు. తమ అనుమతి తీసుకోలేదంటూ 2024లో ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది ‘లాల్ సలామ్’ పాట కోసం ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడినప్పుడు కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. నా ఓటు రెండో పద్ధతికే. బాలు గారి గొంతంటే మనింట్లో మనిషి గొంతు కదండీ!

టీవీ సంగతీ అంతే. 1983లో శాంతిస్వరూప్ గారు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివారు. నలభయ్యేళ్లకి, 2023లో, బిగ్ టీవీ ‘మాయ’ అనే కృత్రిమ యాంకరమ్మను తెచ్చింది. పేరు మాత్రం బాగా కుదిరింది.

మెట్‌పల్లి దాటి, సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్ చేరాను. పొనికి కర్రతో చేసిన బొమ్మల్ని ఓ చంటిది వరసబెట్టి పలకరిస్తోంది. జవాబు రాకపోయినా దానికేం నష్టం లేదు!

అక్కణ్ణుంచి ఉట్నూరు. దండారి పండగ అప్పుడే ముగిసింది. ఆ రోజుల్లో నెమలిపింఛాల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకున్న గుస్సాడీని గోండులు దేవుడిగానే చూస్తారు. టోపీ దించేదాకా స్నానం చెయ్యడు. వయసులో పెద్దవాళ్లు కూడా మొక్కుతారు. మార్లవాయికి చెందిన కనక రాజు గారికి ఈ నృత్యానికే 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

టీ కొట్టు దగ్గర, ఈసారి గుస్సాడీ కట్టిన కుర్రాడొకడు కలిశాడు. చేతిలో స్మార్ట్‌ఫోను, అందులో ఏదో సినిమా ట్రైలరు. “అన్ని రోజులు అందరూ మొక్కుతుంటే ఎట్లుంటది తమ్మీ?” అన్నాను.

“అప్పుడు నేను గాదు గద అన్నా, దేవుడు” అన్నాడు మామూలుగా.

“మరి టోపీ దించినంక?”

“దించినంక తానం చేసిన. మా అమ్మ బిందె ఇచ్చి నీళ్లకు తోలింది.”