అసల్, నఖల్

నఖల్ అంటే మన ఇళ్లలో చిన్నచూపు. పరీక్షలో నఖల్ కొట్టడం, నఖ్లీ సోనా, నఖ్లీ నోట్లు. కానీ నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో ఖుష్‌ఖతీ పీరియడంతా నఖలే. పైన ఉస్తాద్ రాసిచ్చిన పంక్తి, కింద మేం దించే పది పంక్తులు. అందుకే మా బిటియా ఇంగ్లండ్ పిల్లల పాత కసీదా గుడ్డల్ని గళ్లు లెక్కపెట్టి మళ్లీ కుడుతుంటే నాకు వింతేం అనిపించలేదు.

వాటిని సాంప్లర్లంటారు. ఎనిమిదేళ్ల, పదేళ్ల ఆడపిల్లలు క్రాస్ స్టిచ్‌తో ఏబీసీడీలు, అంకెలు, పూలు, పిట్టలు కుట్టి కింద పేరు, వయసు వేసేవాళ్లు. అంతా షౌఖ్ అనుకోకండి. బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ యతీంఖానా పిల్లలవి చూడండి. ఎక్కువగా ఒకే ఎర్ర దారం, వరసగా అక్షరమాలలు, గోరంత జాగా కూడా ఖాళీ ఉండదు. రేపు పెద్దిళ్లలో నౌకరీకి వెళితే దుప్పట్లు, తువ్వాళ్ల మీద అక్షరాలు, నంబర్లు కుట్టడం రావాలి కదా. ఆ గుడ్డే వాళ్ల సర్టిఫికెట్.

నఖల్ తీసేవాళ్లు పాత గుడ్డ ఫోటోని పెద్దది చేసి, దారాలు లెక్కపెట్టి, గళ్ల కాగితం మీదకి ఎక్కిస్తారు. ఒక్కో ఇంటూ మార్కుకి ఒక్కో గడి. చిక్కంతా రంగుల దగ్గరే. వెలుతురు తగిలి ముందువైపు వెలిసిపోతుంది, తిప్పి చూస్తే వెనకవైపు అసల్ రంగు చాలాసార్లు బతికే ఉంటుంది. అయినా కొందరికి వెలిసిన రంగే కావాలి. కొత్త గుడ్డని చాయ్ డికాషన్‌లో ముంచి మరీ ముసలిదాన్ని చేస్తారు. నాకిది నచ్చదు. ఆ పిల్ల పట్టుకున్నది తళతళలాడే దారం. ఈ మాసిన రంగు ఆమె చేసింది కాదు.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1830 ప్రాంతపు గుడ్డ ఒకటుంది. ఎలిజబెత్ పార్కర్‌ది. పదమూడేళ్లకే ఆమె ఇళ్లలో పనికి వెళ్లింది. అక్కడ పడ్డ జుల్మ్, చచ్చిపోదామనుకున్న సంగతి, అన్నీ ఎర్ర సిల్కు దారంతో కుట్టింది. పూలు లేవు, పిట్టలు లేవు. తనకి రాయడం రాదని మొదట్లోనే చెప్పుకుంది. చివర వాక్యం మధ్యలో ఆగిపోయింది. (ఆమె బతికింది. తర్వాత టీచరమ్మ అయింది.)

"ఇంకొకరి దర్ద్‌ని మనం కుట్టుకుని గోడకి తగిలించుకోవచ్చా అబ్బా?" అని బిటియా అడిగింది. కుట్టొచ్చనే నా ఖయాల్. చదివితే కాసేపట్లో అయిపోతుంది. కుట్టాలంటే నెలలు. ప్రతి అక్షరం దగ్గరా ఆమె ఆగినట్టే ఆగాలి. గోడకి తగిలించే మాట వేరు, అది నేనొప్పుకోను.

ఈ చర్చలోనే మా అమ్మీ దిండు గలేబు సందూక్ నుంచి బయటికొచ్చింది. పదకొండేళ్లప్పుడు కుట్టిందట. మ్యాటీ క్లాత్, రెండు గులాబీలు, మధ్యలో ఇంగ్లీషులో 'స్వీట్ డ్రీమ్స్'. అమ్మీ ఖురాన్ నాజిరా చదివేది, కానీ ఏ భాషా రాయలేదు. ఉర్దూ వంపులు ఆ గళ్లలో ఇమడవు, మన తెలుగు గుండ్రాలూ అంతే. అందుకేనేమో ఆ రోజుల్లో మన ఇళ్లలో గలేబులన్నీ ఇంగ్లీషే మాట్లాడేవి.

మొదటి ఎస్ ఉల్టా ఉంది. చివరి ఎస్ సీదా ఉంది.

"సరిచేసి కుట్టనా?" అంది బిటియా. వద్దన్నాను. రెండు ఎస్‌ల మధ్య ఎక్కడో దాదీ నేర్చుకుంది, అది తీసేస్తే ఇక నఖల్ దేనికి?

గులాబీలు బిస్కెట్ రంగులో ఉన్నాయి. గలేబు తిరగేశాం. రాణి రంగు! నేనెరిగిన అమ్మీ ఎప్పుడూ లేత రంగు దుపట్టాల్లోనే ఉండేది. ఈ రంగు ఎంచుకున్న పిల్లని నేనెప్పుడూ చూడలేదు.

బిటియా ఆ రాణి రంగుకి సరిపోయే లచ్ఛీ వెతుకుతోంది. రెండు చాలతాయా, మూడు కావాలా అని లెక్క వేస్తోంది.