మందు అక్కరలేదన్న మాట

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక యువ దంపతులు ఎనిమిదేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చారు. ఆమె రెండోసారి గర్భవతి. గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో ఆమెకు హెపటైటిస్-బి ఉన్నట్లు తేలింది. పెద్దబిడ్డకూ పరీక్ష చేయిస్తే అతనికీ ఉంది. బాలుడు మాత్రం చలాకీగా ఉన్నాడు. కళ్లు పచ్చబడలేదు, ఆకలి తగ్గలేదు.

ఈ వ్యాధి విషయంలో పాఠకులు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఈ వైరస్ సోకితే నూటికి 95 మందిలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి శిశువుకు సోకితే లెక్క తారుమారవుతుంది. సరైన రక్షణ లేకపోతే నూటికి దాదాపు 90 మంది శిశువుల్లో అది దీర్ఘకాలం తిష్ఠ వేస్తుంది. పసిబిడ్డ రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా పోల్చుకోలేదు. అందుచేత రక్తంలో వైరస్ కోట్ల సంఖ్యలో ఉన్నా, కాలేయం చాలా ఏళ్లపాటు పెద్దగా దెబ్బతినకపోవచ్చు.

ఆ బాలుడిదీ అదే దశ. వైరస్ పరిమాణం చాలా ఎక్కువ, ఎస్‌జీపీటీ మాత్రం సాధారణం. ఇటువంటి పిల్లలకు మందులిచ్చినా వైరస్‌పై శరీరం పైచేయి సాధించే అవకాశం స్వల్పం. పైగా లామివుడిన్ వంటి పాత మందును ఏళ్ల తరబడి వాడితే వైరస్ దానికి లొంగకుండా మారిపోతుంది. అందుకే, "ఇప్పుడు మందు అక్కరలేదండీ. ఆరు నెలలకొకసారి పరీక్షలకు తీసుకురండి" అన్నాను. తండ్రి ముఖం వికసించింది. నా మాటలో మొదటి సగమే ఆయన మనసుకెక్కింది. రెండో సగాన్ని నేను నొక్కి చెప్పలేదు, చీటీమీద తేదీ రాయలేదు.

వారు మళ్లీ వచ్చింది మూడేళ్ల తరువాత. "మీరే మందు అక్కరలేదన్నారు కదా డాక్టరుగారూ!" అన్నాడు తండ్రి. మధ్యలో కామెర్ల పసరు కూడా పోయించారట. ఎస్‌జీపీటీ నాలుగు రెట్లు పెరిగింది. కొన్ని నెలలు వరుసగా చూసినా తగ్గలేదు. కాలేయం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే మచ్చకట్టడం మొదలైందని తెలిసింది. అప్పుడు ఎంటెకవిర్ ప్రారంభించాం. రెండేళ్లు దాటిన పిల్లలకు బరువునుబట్టి ఇవ్వదగిన మందు ఇది. భోజనానికి ముందూ వెనుకా రెండేసి గంటల ఎడం ఉండాలి గనుక, తల్లి రోజూ తెల్లవారుజామున లేపి వేసేది. ఏడాదిన్నరకు రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గింది, ఎస్‌జీపీటీ మామూలైంది.

అంతమాత్రాన వైరస్ సమూలంగా పోయిందని కాదు. దాని విత్తనం కాలేయ కణాల్లో మిగిలే ఉంటుంది. మందు సొంతంగా మానితే వ్యాధి ఒక్కసారిగా విజృంభించవచ్చు.

రెండో బిడ్డ కథ వేరు. తల్లికి వైరస్ ఎక్కువగా ఉండడంతో ఏడో నెల నుంచి టెనోఫోవిర్ ఇచ్చారు. పుట్టిన 12 గంటలలోపే బిడ్డకు టీకా, ఇమ్యునోగ్లోబులిన్ రెండూ వేశారు. మిగిలిన మోతాదులు వేళకు పూర్తిచేశారు. తల్లిపాలే తాగిన ఆ పాపకు ఏడాది నిండాక పరీక్షిస్తే వైరస్ లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికీ తేడా ఆ తొలి గంటల్లోనే ఉంది.

మీ ఇంట్లో ఇటువంటి బిడ్డ ఉంటే భయపడకండి, వెలివేయకండి. కలిసి తినడంవల్ల, ఆడుకోవడంవల్ల ఇది అంటదు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, లేనివారికి టీకాలు వేయించండి. వైద్యుడు "మందు వద్దు" అంటే, "మళ్లీ ఎప్పుడు రావాలి?" అని అడిగి, ఆ తేదీ రాయించుకోండి. మందు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ పరీక్షలే చెబుతాయి. ఆ బాలుడు పోగొట్టుకున్న మూడేళ్లలో నా వంతు తప్పు ఉంది. అటువంటిది మీ బిడ్డకు జరగకూడదనే ఇదంతా రాశాను.