గళ్ళ చొక్కా మీదికి ఏ టై

మా కృష్ణగిరి జిల్లా బర్గూరులో చొక్కా గుడ్డ కొనడం తేలిక. మత్తూరు, పోచంపల్లి, ఊత్తంగరై చుట్టుపక్కల పెళ్ళికైనా పండక్కైనా గుడ్డలు కావాలంటే మావాళ్ళు అక్కడికే పోతారు. చిన్న సూరత్ అని ఆ ఊరికి ఈ ప్రాంతంలో పేరు. వరుసగా జవుళి అంగళ్ళు. నిలువు చారలు, సన్న గళ్ళు, పెద్ద గళ్ళు, చుక్కలు, ఆకులు, ఏది అడిగినా తాను విప్పి బల్ల మీద పరిచేస్తారు. టై దగ్గరికి వచ్చేసరికి ఆ వైభవం ఉండదు. కృష్ణగిరిలోనో హోసూరులోనో రెడీమేడ్ అంగట్లో ఓ మూల నాలుగైదు వేలాడుతుంటాయి, వాటిలో ఒకటి తీసుకుని వచ్చేయడమే. చొక్కా ఒక ఊళ్ళో కొన్నది, టై ఇంకో ఊళ్ళో ఇంకో రోజు కొన్నది. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేది ఇంటర్వ్యూ నాటి పొద్దున, అద్దం ముందు.

ఆ పొద్దున కుర్రవాడికి సాయం చేసేవాళ్ళు ఇంట్లో ఎవరూ కనిపించరు. నాయిన పంచె మనిషి. అన్న యూనిఫారం మనిషి. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చిన 1980ల నుంచి ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళకు కంపెనీ యూనిఫారం అలవాటైంది. 2021లో పోచంపల్లి దగ్గర ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఆ వరుసలో ఆడపిల్లలూ ఇంకా పెరిగారు. యూనిఫారానికి జోడీ వెతికే పని లేదు, ఇచ్చింది వేసుకుని షిఫ్టుకు పోవడమే. టై అడిగే ఉద్యోగాలు వేరు. ప్రైవేటు బ్యాంకు, మందుల కంపెనీ, కార్ల షోరూం, హోటలు రిసెప్షన్, ఇన్సూరెన్సు. ఎదుటి మనిషి మొహం చూస్తూ మాట్లాడాల్సిన ఉద్యోగాలు. మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాడి చూపు మన మొహం మీదా, దాని కిందనే ఉన్న జానెడు మేర మీదా ఉంటుంది. కాలరూ, ముడీ, చొక్కా ముందుభాగమూ అన్నీ ఆ జానెడులోనే.

ఆ కుర్రవాడికి నేను చెప్పదలచింది ఒకటే. ఇది నీ ఇంటికి తెలియని విద్య కాదు. మీ అమ్మకు వచ్చు. చీర ఒళ్ళంతా గళ్ళయితే ఆమె రవికను సాదాగా తీసుకుంటుంది, లేదంటే కనీకనిపించని సన్న బుటాతో తీసుకుంటుంది. చీర ఒంటి రంగునే రవికకు తెస్తే చప్పగా ఉంటుందని అంచులోంచో, కొంగులో అక్కడక్కడా మెరిసే పోగులోంచో రంగు ఎంచుకుంటుంది. మ్యాచింగ్ సెంటర్లో గుడ్డను గుమ్మం దాకా తీసుకుపోయి, "అంగట్లో లైటు కింద చూసేది కాదబ్బా, ఎండలో పెట్టి చూడు" అంటుంది. చొక్కాకూ టైకీ కావలసిన తెలివంతా ఇంతే. ఇంటర్వ్యూకు ముందురోజు రాత్రి ఫోనులో వీడియోలు వెతికే బదులు, చొక్కానూ టైనీ మంచం మీద పరిచి అమ్మను పిలిస్తే చాలు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కొలత. చొక్కా మీది గీతా, టై మీది గీతా ఒకే కొలతలో ఉండకూడదు. చొక్కా చార అగ్గిపుల్లంత ఉంటే టై చార వేలెడు వెడల్పు ఉండాలి, లేదా టై మీద అసలు చారే ఉండకూడదు. రెండూ సమానమైతే ఏది ముందుందో ఏది వెనకుందో కంటికి తెలియదు. సన్న గీతల వరుస మీద దాదాపు అంతే ఎడంతో ఇంకో వరుస పడితే, రెండింటిలోనూ లేని మూడో అల ఒకటి పుడుతుంది. దోమతెరను రెండు మడతలు వేసి కదిపితే కనిపించేది అదే, శాస్త్రంలో దాని పేరు మ్వారే. టీవీలో కనిపించేవాళ్ళను సన్న గళ్ళ చొక్కాలు వద్దనేది ఇందుకే. కెమెరా లోపలి చుక్కల వరుసా, గళ్ళ వరుసా ఒకదాని మీద ఒకటి పడి తెర మీద బట్ట పాకుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు చాలా కంపెనీలు మొదటి విడత ఇంటర్వ్యూ వీడియోలోనే చేస్తున్నాయి. ఆ రోజుకు సన్న గళ్ళు బీరువాలోనే ఉండనివ్వాలి.

నిలువు చారల చొక్కా అన్నిటికంటే మంచిది. దాని మీద ఏటవాలు పట్టీల టై వేసినా, ఎడంగా చుక్కలున్న టై వేసినా గొడవ లేదు, దిక్కు వేరు కాబట్టి. సన్న గళ్ళకు సాదా టై, లేదంటే దూరదూరంగా ఒక్కో బొమ్మ ఉన్న టై. మా పక్క ప్రైవేటు బళ్ళ యూనిఫారాలు చూడండి. చాలాచోట్ల చొక్కా గళ్ళది, మెడలో ఎలాస్టిక్‌తో వేలాడే టై మాత్రం సాదాది, మహా అయితే కింద రెండు పట్టీలు. ఎవరు నిర్ణయించారో గాని సరిగ్గా నిర్ణయించారు. పెద్దయ్యాక అదే పిల్లవాడు గళ్ళ మీద గళ్ళు కడుతుంటే నాకు బాధగా ఉంటుంది. పెద్ద గళ్ళ చొక్కాకు అల్లిక టై కుదురుతుంది, నూలుదైనా పట్టుదైనా. అసలు ఆఫీసుకు పెద్ద గళ్ళు వేసుకోవడమే నాకు నచ్చదు, అది వేరే సంగతి. ఆకులూ పువ్వులూ అచ్చు వేసిన చొక్కాకు టై వద్దే వద్దు. అది తనంతట తాను నిండుగా ఉన్న బట్ట. ఆదివారం పోచంపల్లి సంతకు పై గుండీ తీసి వేసుకుంటే దాని అందం దానికి ఉంటుంది.

టై అంటే దొరల వస్తువు, మనకు నప్పదు అనే బెరుకు ఇంకా పోలేదు. బెరుకు ఉన్నవాడు టైని కట్టుకోడు, తగిలించుకుంటాడు. అందుకే ఈ నాలుగు మాటలు. మూడో మైసూరు యుద్ధం ముగిసి 1792లో మా ప్రాంతం ఉన్న బారామహల్ ఈస్టిండియా కుంపినీ చేతికి వచ్చాక, శిస్తు నిర్ణయించడానికి అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో ఈ పల్లెల్లోకి వచ్చారు. 1799 దాకా మన్రో ఇక్కడే పనిచేశాడు. ఆ కాలపు తెల్ల దొరల మెడలో ఎక్కువగా కనిపించేది చుట్లు చుట్టిన తెల్ల గుడ్డ, గళ్ళూ లేవు, చారలూ లేవు. అంతకు నూటయాభై ఏళ్ళ ముందు ఫ్రాన్సు కొలువుకు వచ్చిన క్రొయేషియా సిపాయిల మెడగుడ్డ చూసి పారిస్ వాళ్ళు నేర్చుకున్న అలవాటు అది. ఇప్పటి పొడుగాటి టై 1920లలో న్యూయార్కులో కుదురుకుంది. జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన బట్టను 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలు కలిపి కుట్టాడు. ఏటవాలు కోత వల్ల బట్ట సాగుతుంది, ముడి విప్పితే మెలి తిరగకుండా మళ్ళీ తిన్నగా వేలాడుతుంది. నేతలో తిన్నగా ఉన్న చార టై మీద ఏటవాలుగా కనిపించేదీ ఆ కోత వల్లే.

ఆకారం వాళ్ళదే. ఆ ఆకారంలోకి పోసినవాటిలో చాలా వరకు మనవి. పట్టు సంగతే తీసుకుందాం. హోసూరు, డెంకణికోట వైపు పల్లెల్లో మల్బరీ ఆకు కోసి పురుగులకు వేసి పెంచే ఇళ్ళు ఎన్నో. దేశం మొత్తం మీది పట్టుపురుగు జాతులను కాపాడి ఉంచే కేంద్ర పట్టు మండలి సంస్థ ఉన్నది హోసూరులోనే. గూళ్ళు తీసుకుని ధర్మపురి అంగడికో రామనగరం అంగడికో పోయే రైతుకు పట్టు టై పరాయి సరుకు ఎలా అవుతుంది?

గళ్ళ సంగతీ అంతే. చీరాలలో మన నేతగాళ్ళు నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు రేవు పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు పోయేవి. నైజీరియాలో కలబరీ జనం వాటిని శుభకార్యాలకు కట్టుకునేవారు. 1960లలో అమెరికా కాలేజీ కుర్రాళ్ళు మద్రాసు గళ్ళ చొక్కాల మీద మోజుపడ్డారు. ఉతికినప్పుడల్లా రంగులు కారి ఒకదాంట్లో ఒకటి కలవడమే గొప్ప అని చెప్పి అక్కడ అమ్మారు.

ఇక మామిడి పిందె. మెడ వంచిన ఆ బొమ్మను 19వ శతాబ్దంలో స్కాట్లండులోని పెయిస్లీ నేతగాళ్ళు కశ్మీరు శాలువల మీంచి దించుకుని తమ ఊరి పేరుతో లోకమంతా అమ్మారు. కంచి చీరల అంచుల్లో, కలంకారీ దుప్పట్లలో మనం ఎప్పటి నుంచో చూస్తున్న బొమ్మే. ఎటు చూసినా తోతాపురి తోటలు, గుజ్జు ఫ్యాక్టరీలు, ఏటేటా మామిడి ప్రదర్శన జరిగే జిల్లా మనది. ఇక్కడి కుర్రవాడు లేత నీలం మీద సన్న నిలువు చారలున్న చొక్కా వేసి, దాని మీద ముదురు మెరూన్ టై, ఎడంగా పెద్ద పిందెలున్నది, కట్టుకుని వస్తే చూడాలని నాకు ఎంతో కోరిక. టైకి ఇంతకంటే మనదైన బొమ్మ నాకు తోచడం లేదు.

ఇంకొకటి ఉంది. మత్తూరు పక్కన మన పోచంపల్లి ఉన్నట్టే తెలంగాణలో భూదాన్ పోచంపల్లి ఉంది. దారాన్ని ముందే కట్లు కట్టి రంగులో ముంచి, తరవాత మగ్గం ఎక్కించే ఇక్కత్ నేత అక్కడిది. రంగు దారంలోనే ఉండటం వల్ల బొమ్మ అంచు కచ్చితంగా తెగదు, కొంచెం చెదిరి మెత్తగా ఉంటుంది. గళ్ళ గీత గట్టిది, ఇక్కత్ అంచు మెత్తనిది, అందుకే రెండూ పోట్లాడుకోవు. ఆ నేతతో కుట్టిన టైలు చేనేత అంగళ్ళలో దొరుకుతాయి. బయటి దేశాల కంపెనీ టై కంటే నేను దానికే ఓటేస్తాను. ముదురు నీలంలో తెల్ల బొమ్మ ఉన్నది ఒకటి ఉంటే బీరువాలోని సగం చొక్కాలకు సరిపోతుంది.

రంగు విషయంలో ప్రకటనల్లోని బొమ్మలను నమ్మవద్దు. తెల్లటి ఒంటికి ఎంచిన లేత గులాబీ, లేత బూడిద మన చామనఛాయ మీద వెలవెలబోతాయి. మెరూన్, నెమలికంఠం, ఆవపొడి పసుపు, ఆకు ముదురు పచ్చ, ఇవి మన ఒంటి మీద వెలుగుతాయి. చొక్కా కంటే టై ఒక్క మెట్టయినా ముదురుగా ఉండాలి. చొక్కాలో అతి తక్కువగా ఉన్న రంగును పట్టుకుని అదే టైకి ప్రధాన రంగు చేస్తే, కావాలని ఎంచి కట్టుకున్నట్టు తెలుస్తుంది. పెట్టెలో టై, జేబు రుమాలు కలిపి అమ్మే జోడీలు నాకు నచ్చవు. రెండూ ఒకే గుడ్డయితే మనిషి ఎంచిందేమీ లేనట్టే.

పొడుగు బెల్టు బకిల్ దగ్గర ఆగాలి. పొట్టి కాలరున్న చొక్కాకు మామూలు ఒంటి ముడి చాలు, బొద్దు ముడి కింద కాలరు రెక్కలు లేచిపోతాయి. వేసవిలో మా మైదానం మండిపోతుంది. బస్సు ఎక్కేవాడు ఇంట్లోనే టై కట్టుకోకూడదు, చెమటకు పట్టు మీద మరక పడితే పోదు. వదులుగా చుట్టి, టిఫిను డబ్బాకు దూరంగా సంచీ పై అరలో పెట్టుకుంటే సరి. హోసూరు ఎత్తు మీద ఉన్న ఊరు, గాలి చల్లన. బస్సు దిగి మొహం కడుక్కుని, గొంతు గుండీ పెట్టుకుని అప్పుడు కట్టుకోవాలి. సాయంత్రం ముడిని కట్టిన వరసకు వెనక్కి పూర్తిగా విప్పాలి. ముడి వదులు చేసి తల మీదుగా తీసి మేకుకు తగిలిస్తే పట్టు ఆ మడత దగ్గరే విరుగుతుంది, ఆ తరవాత ఏ ఇస్త్రీకీ సరికాదు.