పంటిసందు

పండ్లు తోముకొనుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన యాచారము. తెలుగు పల్లెలలో నేటికిని తెల్లవారుజామున బావిగట్టుననో, వీధియరుగుపైననో వేపపుల్ల నములుచు కూర్చుండు వృద్ధులు కానవత్తురు. వేప దొరకనిచోట కానుగపుల్లయో, ఉత్తరేణివేరో పందుంపుల్ల యగును. దాని కొనను మెల్లమెల్లగా నమలి కుంచెవలె మెత్తపరచి, ఒక్కొక్క పంటిని తోమి, పిదప ఆ పుల్లనే నిలువున రెండుగా చీల్చి నాలుక గీచికొని, నీటితో నోరు పుక్కిలించి యుమియుట వారి పద్ధతి. ముఖము కడుగుకొననిదే మంచినీరైన ముట్టని యిండ్లు నేటికిని గలవు.

ఈ యాచారమునకు శాస్త్రమూలము గలదు. పందుంపుల్ల 12 అంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును కలిగియుండవలెనని సుశ్రుతసంహితలో చెప్పబడినది. చేదు గలవానిలో వేపయు, వగరు గలవానిలో చండ్రయు, కారము గలవానిలో కానుగయు, తీపి గలవానిలో ఇప్పయు శ్రేష్ఠములని యందు కలదు. చరకసంహిత మరి రెండు నియమములను తెలుపుచున్నది. దినమునకు రెండు మారులు తోముకొనవలెను. తోమునపుడు చిగుళ్లకు బాధ కలుగరాదు. నేటి దంతవైద్యులు చెప్పునదియు ఇదియే. అయితే ఆ రెండవ మారు జనులలో మరుగునపడినది. ఉదయమున శ్రద్ధగా తోముకొనువారే రాత్రి అన్నము తిని, చేయి కడిగికొని, అట్లే నిద్రించుచున్నారు.

ఇంతటి ఆచారము గలచోట పిప్పిపండ్లును, చిగుళ్ల వ్యాధులును ఇంత విరివిగా నుండుటకు కారణమేమి? పంటి ఆకారమును పరిశీలించినచో కొంత సమాధానము దొరకును. దవడపంటికి ఐదు ముఖములు గలవు. చెంపవైపు ఒకటి, నాలుకవైపు ఒకటి, నమలు తలము ఒకటి. ఈ మూడింటిని పుల్లయైనను, బ్రష్షైనను చేరగలదు. ప్రక్కపండ్లను ఆనుకొనియున్న తక్కిన రెండు ముఖములను అవి చక్కగా చేరజాలవు. నట్టిల్లు అద్దమువలె తుడిచి గాదె వెనుక చెత్తను వదలివేసినట్లు, నవ్వినపుడు కానవచ్చు పండ్లను మెరయజేసి సందులను మరచుట మనకు అలవాటైనది. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇచ్చట చక్కగా వర్తించును.

పంటిసందున నేమున్నదో తొలుత కన్నులార చూచి లోకమునకు తెలిపినవాడు హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. అతడు స్వయముగా నూరిన చిన్న కటకములతో సూక్ష్మదర్శినులను చేసికొని, కంటికి కానని వస్తువులను పరిశీలించుచుండెడివాడు. 1683లో లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసిన లేఖలో అతడు తన పండ్లను గూర్చి ముచ్చటించెను. ఉదయమున ఉప్పుతో పండ్లు రుద్దుకొనుటయు, భోజనానంతరము పుల్లతో దవడపండ్లను శుభ్రపరచుకొనుటయు, గుడ్డతో గట్టిగా తుడుచుకొనుటయు అతని నిత్యకృత్యములు. అట్టివాని పండ్ల నడుమను జారుపిండివంటి తెల్లని పదార్థము కొంత మిగిలియుండెను. దానిని వాననీటితో కలిపి చూడగా అందు సూక్ష్మజీవులు చురుకుగా కదలాడుచుండెను. ఆ పదార్థమునే మనవారు పాచి యందురు.

పంటిలో పురుగు పడినదని, మంత్రముతోనో పొగతోనో దానిని రాల్చెదమని చెప్పి ధనము గుంజువారు ఒకప్పుడు ఊరూర తిరిగెడివారు. పంటిని తొలుచునది పురుగు కాదు. బెర్లిను నగరమున పనిచేసిన మిల్లరు అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1890లో ప్రకటించిన గ్రంథమున దీని మర్మమును వివరించెను. పాచిలోని సూక్ష్మజీవులు మనము తిన్న తీపిని, పిండిపదార్థమును తాము గ్రహించి ఆమ్లమును విడుచును. ఆ యామ్లము పంటిపైనున్న ఎనామెలు పొరను కరగించును. శరీరమునం దెల్ల గట్టిపదార్థము ఎనామెలే. అది యెముకకంటెను గట్టిది. కాని యెముక విరిగిన అతుకుకొనును. ఎనామెలు గుంటపడిన తనంతట తాను పూడదు. దానిని నిర్మించిన కణములు పన్ను చిగురును చీల్చుకొని పైకి వచ్చునప్పటికే నశించును.

బాలబాలికలు ఈ సంగతిని ముఖ్యముగా గమనింపవలెను. ఆరవయేట పాలపండ్ల వెనుక మొలచు దవడపండ్లను పాలపండ్లే యనుకొని చాలమంది అశ్రద్ధ చేయుదురు. అవి పాలపండ్లు కావు; ఊడిన మరల రావు. 13 ఏండ్లు వచ్చునప్పటికి జ్ఞానదంతములు తప్ప తక్కిన 28 శాశ్వతదంతములును చాలమందికి వచ్చియుండును. జీవితాంతము అన్నము నమలవలసినది వానితోనే.

పాచి పంటికే గాక చిగురునకును శత్రువు. తీయక విడిచిన పాచి లాలాజలములోని ఖనిజముల వలన గట్టిపడి గారయగును. గార పట్టిన పిదప అది బ్రష్షునకు లొంగదు. వైద్యుని పనిముట్లతోనే దానిని తీయవలెను. ఆ యంచున చిగురు ఎఱ్ఱబారి, వాచి, తాకినంతనే రక్తము చిందును. ఉపేక్షించినచో కొందరికి చిగురు పంటిని విడిచి, లోపలి యెముక కరగి, పిప్పి లేని పన్ను సైతము కదలి యూడును. డెన్మార్కు దేశమున ఆర్హూస్ నగరములోని హరాల్డ్ లోయె అను దంతవైద్యుడును, ఆయన సహచరులును 1965లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. ఆరోగ్యవంతులైన 12 మంది, వారిలో పెక్కురు దంతవైద్య విద్యార్థులు, పండ్లు శుభ్రపరచుకొనుట బొత్తిగా మానిరి. 10 మొదలు 21 దినముల లోపల అందరి చిగుళ్లును వాచినవి. మరల శ్రద్ధగా తోముకొన మొదలిడగా సుమారు వారము దినములలో ఆరోగ్యము తిరిగి వచ్చినది. చిగురువాపునకు మూలము పాచియే యనియు, తొలిదశలో దానిని తొలగించిన చిగురు బాగుపడుననియు దీనివలన తేటపడినది.

ఇది తెలియమి వలన కలుగు నష్టమునకు ఒక యింట జరిగిన సంగతి తార్కాణము. ఆ యింటి బాలుడు ఒకనాడు పండ్లు తోముకొనుచు ఉమ్మిలో ఎఱ్ఱని చారలను చూచి భయపడెను. తోముట వలననే రక్తము వచ్చుచున్నదని తలచి, ఆ చోట బ్రష్షు తగిలించుట మానెను. కొన్నాళ్లకు నోరు వాసన కొట్టసాగెను. తాత యది గమనించి కారణ మడిగెను.

“అక్కడ రక్తము వచ్చుచున్నది తాతయ్యా! పుండు మానువరకు తోమను.”

తాత కొంతసేపు మాటాడలేదు. ఆయనకు 70 ఏండ్లు. క్రింది దవడను నాలుగు పండ్లు మాత్రము మిగిలియుండెను. పండుగనాడు ఇంటిల్లిపాదియు జంతికలు కరకర నములుచుండగా, ఆయన మజ్జిగలో మెత్తగా పిసికిన యన్నము తినుచుండెడివాడు.

“నీ వలెనే నేనును రక్తము చూచి మానితినిరా అబ్బాయీ! మానినచోటనే మొదటి పన్ను కదలినది. నాడు నాకు చెప్పువారు లేకపోయిరి. నీకు చెప్పుటకు నేనున్నాను. పద, వైద్యులకు చూపుదము” అని ఆయన మనుమని వెంటబెట్టుకొని ప్రభుత్వ వైద్యశాలకు వెళ్లెను. అచ్చటి దంతవైద్యురాలు బాలుని పండ్ల గార తీసి, రక్తము వచ్చుచోట తోముట మానరాదనియు, మెత్తని బ్రష్షుతో మరింత శ్రద్ధగా శుభ్రపరచవలెననియు చెప్పి, సందులలో దారము నడుపు విధమును నేర్పెను. రెండు వారములలో రక్తము కనబడుట మానెను. తాతకు పోయిన పండ్లు రాలేదు. మిగిలిన నాలుగింటిని కాపాడుకొనుటకై ఆయనయు నాటినుండి రాత్రివేళ మనుమని సరసన కూర్చుండి పండ్లు తోముకొనుచున్నాడు.

వైద్యురాలు చూపిన ఆ దారమునకు ఫ్లాస్ అని పేరు. 1819లో న్యూ ఆర్లియన్స్ నగరపు దంతవైద్యుడు లీవై స్పియర్ పార్మ్‌లీ, మైనము పూసిన పట్టుదారమును పండ్లసందుల నడపవలెనని తన గ్రంథమున వ్రాసెను. నేడది నైలాను మొదలగు వానితో తయారై మందుల దుకాణములలో దొరకుచున్నది. మూరెడు దారమును తీసికొని రెండు చేతుల నడిమివ్రేళ్లకు చుట్టి, నడుమ అంగుళము మేర విడిచి, బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను బిగించి పట్టవలెను. ఱంపము నడిపినట్లు మెల్లగా ముందువెనుకలకు కదల్చుచు సందులోనికి దింపవలెను. ఒక్కసారిగా నొక్కినచో చిగురు తెగును. పిదప దారమును నెలవంకవలె వంచి, ఒక పంటిని చుట్టునట్లు ఆనించి, చిగురంచునుండి పైకిని క్రిందికిని కొన్నిమారులు తుడువవలెను. ప్రక్కపంటికిని అట్లే చేయవలెను. సందు మారినప్పుడెల్ల దారములో క్రొత్తభాగమును వాడవలెను. మొదటి దినములలో కొంచెము రక్తము కనబడవచ్చును. వారము పది దినములు గడచినను నిలువకున్న వైద్యునికి చూపవలెను. గుండుసూది, పిన్నీసు, చీపురుపుల్ల ఇందుకు పనికిరావు. అవి చిగురును గాయపరచును.

దారము బ్రష్షునకు తోడు మాత్రమే. బ్రష్షు కుచ్చు మెత్తగా నుండవలెను. దానిని చిగురంచునకు ఏటవాలుగా పట్టి, రెండు నిమిషములు తగ్గకుండ తోముకొనవలెను. బొగ్గుపొడి, ఇటుకపొడి ఎనామెలును అరుగదీయును. ఫ్లోరైడు గల పేస్టు దానికి బలమిచ్చును. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరినచో మాత్రము పండ్లపై మచ్చలు పడును. నల్లగొండ ప్రాంతమున పెక్కురకు ఏర్పడిన మచ్చలు అట్టివి. అవి అశుభ్రత వలన కలిగినవి కావు. వానిని చూచి తోటివారిని పరిహసించుట అవివేకము. జీడీలు, పప్పుచెక్కలు, చాక్లెట్లు దినమంతయు కొంచెము కొంచెముగా తినుటకంటె భోజనముతో పాటు ఒకమారే తినుట మేలు. తిన్న ప్రతిమారును నోట ఆమ్లము పుట్టును. లాలాజలము దానిని విరుచుటకు కొంత వ్యవధి కావలెను. నిద్రలో లాలాజలము తగ్గును గనుక రాత్రి తోముకొనుట ఎంతయు ముఖ్యము.

పండ్లసందులను శుభ్రపరచుకొన్నవానిని చూచి మెచ్చుకొనువారుండరు; మానినవానిని మందలించువారు నుండరు. ఆ పని చేసినదియు, చేయనిదియు వానికొక్కనికే తెలియును. ఫలితము మాత్రము వయసు మీరిన పిదప పంక్తిలో కూర్చున్ననాడు అందరికిని తెలియును. నేటి రాత్రి నిద్రకు ముందు మూరెడు దారమునకును, నాలుగైదు నిమిషముల కాలమునకును వెనుదీయని విద్యార్థి, తాను వృద్ధుడైననాడు మనుమలతో కలిసి జంతికలు నమలుటకు ఇప్పుడే పునాది వేసికొన్నవాడగును.