రేకు చెప్పని సందు

నేను నివసించు పిట్స్‌బర్గు కూడ బొగ్గుమీద లేచిన పట్టణమే. మొనాంగహేలా నదికి దక్షిణపుటొడ్డున నిలిచిన మౌంట్ వాషింగ్టన్ అను కొండకు పూర్వనామము కోల్ హిల్, అనగా బొగ్గుకొండ. ఆ పేరు తొలిసారి చెవినిబడిన దినమున, గోదావరిఖనిలో పుట్టిపెరిగిన నాకు పరదేశమున బంధువెవరో పలుకరించినట్లు తోచినది. ఆ పట్టణమునందే, మా యింటి ముంగిట మంచు కప్పుకొని నిలిచియుండు నా పాత పికప్ ట్రక్కు, గత శీతకాలమున ప్రతి ప్రాతఃకాలమును తాళము త్రిప్పినంతనే టక్ టక్ మని కొట్టనారంభించి, పది పదునైదు నిమిషములు నడచునప్పటికి ఏమియు నెరుగనట్లు మౌనము దాల్చుచుండెను. బాగుచేయు షెడ్డుకు దానిని రెండుమారులు కొనిపోతిని. నేను చేరునప్పటికే ఇంజను వేడెక్కియుండుటచేత అచ్చటివారికి చప్పుడు వినబడలేదు. కంప్యూటరు తగిలించి చూచిన, దోషసంకేత మేదియు కానరాలేదు.

ఆ టక్ టక్ ధ్వని నా మనస్సును నలువది సంవత్సరములు వెనుకకు, ఎనుబదియవ దశకపు గోదావరిఖనికి కొనిపోయినది. ధ్వనులను బట్టియే కాలమును గుర్తించు ఊరది. షిఫ్టు మార్చు సైరను మ్రోగిన అన్నము వండవలెనని అమ్మకు తెలియును. ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు జరిగిన కిటికీ తలుపులు వణకును. 1983లో తొలి యూనిట్ వెలిగిన రామగుండము ఎన్‌టీపీసీ వైపునకు బొగ్గు పోవుచున్న చప్పుడు రేయింబవళ్లు దూరముగా వినవచ్చుచుండును. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనుట, 1889లో త్రవ్వకము మొదలగుట, 1920లో ఆ గనుల కంపెనీకి సింగరేణి అను గ్రామము పేరు స్థిరపడుట మొదలగు విషయములను మేము పాఠశాలలో కాక, వాకిట మంచములపై కూర్చుండిన పెద్దల సంభాషణములందే నేర్చితిమి.

మా బాపు భూగర్భగనిలో మైనింగ్ సర్దార్. కార్మికులు పనిచోటికి పోకమునుపే తాను పోయి, చేతికర్రతో పైకప్పును తట్టి చూచుట ఆయన నిత్యకృత్యము. గట్టిరాయి కంచువలె ఖంగున పలుకును. పొరలు విడిపోయి నడుమ సందేర్పడిన రాయి బోలుకుండవలె మందముగా పలుకును. కంటికి రెండును ఒకటే. ఒక్కొక్కప్పుడు చెవికిని సంశయము కలిగినయెడల, ఒక చేతితో తట్టుచు రెండవచేతి వ్రేళ్లను పైకప్పునకానించి, రాయి లోలోపల వణకుచున్నదేమో పరీక్షింపవలెను. ఆ తట్టు తప్పిన, సాయంకాలము ఒక యింటికి మనిషి తిరిగిరాడు. బాపు మితభాషియగుటకు ఇదియే కారణమని నేను నేటికిని నమ్ముచున్నాను. వినుట వృత్తియైన వానికి మాటలయందు మక్కువ తగ్గును.

ఆ కాలమున మా మేనమామ ఒక పాత లారీ కొని, ఇటుకబట్టీలకు బొగ్గు తోలుచుండెను. ఒక వేసవిలో దాని ఇంజను కొట్టుకొనుట మొదలిడెను. మామ ముఖము చిన్నబోయినది; బేరింగు పోయినదన్న ఇంజను దించవలెను, ఇంజను దించిన అప్పు రెట్టింపగును. చౌరస్తా కవతల నున్న రేకులషెడ్డులో వృద్ధుడైన మేస్త్రీ ఒకడు దానిని పరీక్షించిన విధానము నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. మొదట అతడు దేనిని విప్పలేదు. పొడవైన పేచ్‌కస్ మొనను ఇంజనుపై నానించి, పిడిని చెవివెనుక ఎముకకు అదిమిపట్టి, వైద్యుడు రోగి వక్షమును పరీక్షించునట్లు ఒక్కొక్క సిలిండరు కడను ఆగి ఆగి వినెను. పిమ్మట పానాతో ఇంజెక్టరు పైపుల నట్లను ఒకదాని తరువాత ఒకటి వదులుచేసెను. నట్టు వదులైన సిలిండరుకు డీజిలు అందదు, దానిలో మంట పుట్టదు. చప్పుడు పెద్దబేరింగుదో, ఇంజెక్టరుదో అయినచో ఆ సిలిండరులో మంట ఆగినంతనే మారవలెను. ఆరింటిని వదులుచేసి చూచినను చప్పుడు మారలేదు. పైగా ఇంజను రెండు చుట్లు తిరుగునంతలో ఒక్కటే దెబ్బ! వాల్వులను నడపు క్యామ్‌షాఫ్టు ఇంజను వేగములో సగమే తిరుగును గదా. "బేరింగు గాదు, టాపెట్ కొడ్తంది" అని మేస్త్రీ తేల్చిన క్షణమున మామ లారీ చక్రమునకానుకొని కూర్చుండిపోయెను.

 

టాపెట్‌కును వాల్వునకును నడుమ కొంత సందుండవలెను. ఉక్కు వేడికి వ్యాకోచించును. సందు చాలనిచో వాల్వు పూర్తిగా మూసికొనక, మంట తగిలి కాలిపోవును. కావుననే చప్పుడుచేయు వదులు టాపెట్‌కంటె, చప్పుడులేని బిగువు టాపెట్ ప్రమాదకరమని మేస్త్రీ పలుమారులు చెప్పుచుండెను. ఆ సందు మిల్లీమీటరులో ఐదవవంతో, అంతకంటె కొంచె మెక్కువయో. మేస్త్రీ టాపెట్ కవరు విప్పి, సందును కొలుచు ఫీలర్ గేజి రేకును దూర్చి, పండ్రెండు వాల్వులను సరిచేసెను. చప్పుడు తగ్గినది, కాని ఆ దెబ్బ నిలిచినది. మరునాడు మరల సరిచేసెను, అదియే ధ్వని. రేకు సరిగానున్నదనును, చెవి లేదనును.

మూడవనాడు బాపు మొదటి షిఫ్టు ముగించుకొని, ఇంటికైన పోక షెడ్డుకు వచ్చెను. కనురెప్పల అంచులయందింకను బొగ్గునలుపు. మేస్త్రీ కొంత సిగ్గుతో, "గ్యాపు సక్కగనే పెట్టిన సర్దార్ సాబ్, అయినా కొడ్తంది" అనెను. బాపు ఏమియు ననలేదు. ఇంజను ఆపించి, కొట్టుచున్న ఆ వాల్వును నొక్కు రాకర్ మొనపై బొటనవ్రేలి గోటిని మెల్లగా లాగెను, మరల లాగెను. పిదప నా చేయిపట్టి నా గోటినిగూడ అచ్చట ఆనించెను. కంటికి నున్ననైన ఆ ఉక్కుముఖమున గోరు చిన్న గుంతలోనికి దిగి, తిరిగి మెట్టెక్కినది.

"రేకు గుంత మీదికెల్లి పోతున్నది మేస్త్రీ. గుంతల ఎంతున్నదో అది సెప్పదు" అనెను బాపు.

వాల్వుకాడ సంవత్సరముల తరబడి కొట్టికొట్టి రాకర్ ముఖమును తన వెడల్పుమేర తొలిచినది. వెడల్పైన రేకు ఆ గుంత రెండంచులపై వంతెనవలె నిలిచి, లోపలి సందును దాచినది. గనిలో పైపొర తన చాటున పొరల నడిమి సందును దాచునట్లే. బాపునకు ఇంజను తెలియదు. ఆయనకు తెలిసినది అది యొక్కటే, అది చాలినది. మేస్త్రీ రాకర్ షాఫ్టు దించి చూడగా, ఆ రాకర్‌కు ఆయిలు పోవు రంధ్రము మడ్డితో పూడియుండెను. తీగతో దానిని పొడిచి, ముఖమును సానపట్టి బిగించినపిమ్మట ఇంజను ఒక్కగొంతుతో పలికినది. నాటినుండి ఆ షెడ్డులోని బల్ల బాపునకు సాయంకాలపు విశ్రామస్థానమైనది. పదవీవిరమణానంతరము మరియు నెక్కువగా.

గత జనవరిలో ఒకనాటి యుదయమున, ట్రక్కు కొట్టుచుండగనే బాపునకు ఫోను చేసితిని. అచ్చట సంజవేళ. ఫోనును ఇంజను కడ పట్టితిని. వినికిడి మందగించిన ఆయన చాలసేపు విని, "సలికి కొడ్తదా, ఏడైనంక గూడ కొడ్తదా?" అని అడిగెను.

"ఏడైతే ఆగుతది బాపూ."

"అయితే లోపలి దెబ్బ గాదు బిడ్డా. యాడనో గాలి పోతున్నది. ఇనుము ఉబ్బినంక మూసుకుంటున్నది. మసి యాడున్నదో సూడు."

మరునాడు తెల్లవారకమునుపే రబ్బరుగొట్టము నొక కొనను చెవికానించి, రెండవ కొనను ఇంజను ప్రక్కగా నడపితిని. వెనుకటి సిలిండరు కడ, ఎగ్జాస్టు మ్యానిఫోల్డు ఇంజనునకు అతుకుచోట, కంటికానని మూలన ఒక బోల్టు తల విరిగియుండెను. దాని ప్రక్కన వ్రేలెడు మసిచార. వేడికి ఇనుము సాగి ఆ చీలికను మూయువరకు, పొగ అచ్చటినుండి దెబ్బదెబ్బగా వెలువడుచుండెను.

బోల్టు మార్పించిన మరునాటి యుదయమున మరల ఫోను చేసి, అంతయు చెప్పితిని. "ఒక్కసారి ఇనిపియ్యి" అనెను. మంచులో నిలిచి, ఫోనును ఇంజనుపైకి వంచి పట్టితిని. చేతివ్రేళ్లు చలికి కొంకరులు పోవుచుండెను. కొంతసేపటికి చాలునా బాపూ అని అడిగితిని.

"ఇంకింత సేపు ఉంచు బిడ్డా" అనెను.