ఇన్‌టాక్ సభ్యత్వం తీసుకోవాలా?

పాత కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థలో జీవితకాల సభ్యత్వం తీసుకోవాలా వద్దా అని కొన్నాళ్లుగా ఆలోచిస్తున్నా. లండన్‌లో ఉండే మా అక్కకు అక్కడి ఇంగ్లిష్ హెరిటేజ్ సభ్యత్వ కార్డుంది. అది చూపిస్తే స్టోన్‌హెంజ్‌కి టికెట్ అక్కర్లేదు. "నాలుగు చోట్లు తిరిగితే కట్టిన డబ్బు వచ్చేసినట్టే" అంటుంది.

మన దగ్గర ఆ లెక్క కుదరదు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. ఆ కట్ట ఎక్కడానికి టికెట్టా పాడా! మార్కాపురం చెన్నకేశవస్వామి గుడిలో స్తంభాల మీద శిల్పాలు ఎంతసేపు చూసినా అడిగేవాళ్లుండరు.

మరి డబ్బు దేనికంటే, కాపాడటానికి. ఇన్‌టాక్ 1984 నుంచి చేస్తున్న పని అదే: పాత కట్టడాలను నమోదు చేయడం, బాగుచేయించడం. మన పల్లెల్లో ఎన్ని పాత గుళ్లలో శిల్పాల కళ్లూ ముక్కులూ సున్నం పొరల కింద పూడిపోయాయో చూస్తూనే ఉన్నాం. పైన మళ్లీ ఆయిల్ పెయింట్ ఒకటి. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే కట్టేద్దామనే నిర్ణయించుకున్నా. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు ఇప్పటికే సభ్యులైనవాళ్లుంటే చెప్పండి, ఒకసారి కలుద్దాం.