అవ్వకు చెప్పిన ఫిజిక్సు

మొన్న సంక్రాంతికి మా పాప బెంగళూరు నుంచి బళ్ళారికి వచ్చింది. అక్కడ ఫిజిక్సులో పరిశోధన చేస్తోంది. పొద్దున నేను ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే అవ్వ దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని అడిగింది: "ఏం మే, నువ్వు ఏం సదువుతాండావు?"

పాప నా వైపు చూసింది. "అమ్మా, అదంతా తెలుగులో చెప్పడం నాకు రాదు."

చదువు ఇంగ్లీషులో, వీధి కన్నడంలో. తెలుగు తిండికీ, తిట్లకే మిగిలింది. నాకు కలుక్కుమంది. "వచ్చినట్టే చెప్పు" అన్నాను.

"పల్చటి పొర అవ్వా. బాగా చల్లబరిచి పెద్ద అయస్కాంతంలో పెడతారు. దాని బలం భూమి అయస్కాంతానికి లక్షల రెట్లు. లోపలి ఎలక్ట్రాన్లు గానుగెద్దుల్లా ఉన్నచోటే తిరుగుతుంటాయి. అంచున ఉండేవి చుట్టు పూర్తి చేయలేవు. గోడకు తగిలి, అర చుట్టు తిరిగి, మళ్ళీ తగిలి, గోడ వెంబడే ముందుకు పోతాయి. రాయి అడ్డమొచ్చినా చుట్టుకొని పోతాయి, వెనక్కి తిరగవు."

1980లో జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ ఫాన్ క్లిట్జింగ్, ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో, సిలికాన్ ట్రాన్సిస్టర్ మీద దీన్ని కొలిచాడట. అడ్డంగా కొలిచిన నిరోధం మెట్లు మెట్లుగా వచ్చింది: 25,812.807 ఓములు, దాన్ని 2తో, 3తో, 4తో భాగిస్తే వచ్చేవి. పొర పొడవు, వెడల్పు మారినా, లోపల కాస్త మలినమున్నా ఆ అంకెలు మారవు. 1985లో ఆయనకు నోబెల్ వచ్చింది. సాగదీసినా మారని గుణాల లెక్కను టోపాలజీ అంటారు కాబట్టి ఇట్లాంటివి టోపలాజికల్ పదార్థాలు.

"మీ కాలంలో ఊరికో సేరు ఉండేది కదా అవ్వా. ఇది ఏ దేశంలో కొలిచినా ఒకటే సేరు."

అవ్వకు అది బాగా పట్టింది. "మరి ఆ గోడ పక్కను కోసేస్తే?"

"కోసినచోటే కొత్త గోడ. కరెంటు దాని వెంబడి పోతుంది. ఆ దారి గోడది కాదవ్వా, లోపలి గుణానిది."

అవ్వ కాసేపు మాట్లాడలేదు. ఆమె పుట్టిల్లు రాయదుర్గం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయేదాకా అదంతా ఒకటే జిల్లా.

"మమ్మల్నీ కోసినారు లే" అంది. "పుట్టిల్లు ఆ పక్క, మెట్టినిల్లు ఈ పక్క."

పదార్థానికి ఆ గుణం ప్రకృతే ఇచ్చింది. మన ఇండ్లలో తెలుగుకు అట్లాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. హోసపేటలో, పుణేలో ఉన్న మనవాళ్ళకు ఇదంతా రాస్తున్నది అందుకే.

ఇప్పుడు ఆదివారం ఫోను చేస్తే పాప అవ్వనే అడుగుతుంది. ముందు నన్ను మాత్రం, "ఇన్సులేటర్‌ను ఏమంటారమ్మా?" అంటుంది. విద్యుద్బంధకం అని నిఘంటువులో చూసి చెప్పాను.

"అంత పెద్ద మాటా? కరెంటు పారనిది అంటే సాల్లే" అంది అవ్వ.